తప్పుకు రెండు డాలర్ల యాభయ్యారు సెంట్లు

పాత తెలుగు పుస్తకాల చివర కొన్నిసార్లు ఒక పేజీ కనిపిస్తుంది. పైన "తప్పొప్పుల పట్టిక" అని ఉంటుంది. కింద పేజీ, పంక్తి, తప్పు, ఒప్పు. నాకు ఈ మాట చాలా ఇష్టం. తప్పూ ఒప్పూ పోట్లాడుకోకుండా ఒకే మాటలో కూర్చున్నాయి. అచ్చుతప్పుకు ఇంకో సరదా పేరు ముద్రారాక్షసం. నిజానికి అది విశాఖదత్తుడు రాసిన సంస్కృత నాటకం పేరు. అందులో రాక్షసుడు ఒక మంత్రి, ముద్ర అతని ఉంగరం మీద ఉండేది. తెలుగువాళ్లు ఆ పేరు తీసుకుని అచ్చు యంత్రంలో దూరిన రాక్షసుడికి పెట్టేశారు.

కథలో అచ్చుతప్పు ఉంటే మనం నవ్వుకుని ముందుకు పోతాం. లెక్కల పుస్తకంలో, ప్రోగ్రామింగ్ పుస్తకంలో అలా కుదరదు. చదివినవాళ్లు దాన్ని చూసి ప్రోగ్రాం రాస్తారు. ఆ ప్రోగ్రాంని ఇంకొకరు వాడతారు. తప్పు కూడా వాళ్లతో పాటే ప్రయాణం చేస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. నిఘంటువులో మాట ఎలా వెతుకుతాం? మధ్యలో తెరుస్తాం. మన మాట ముందుందా, వెనకుందా అని చూస్తాం. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తాం. కంప్యూటర్‌లో దీన్నే బైనరీ సెర్చ్ అంటారు. ఈ పద్ధతి మొదట అచ్చయింది 1946లో. కానీ జాబితాలో ఎన్ని అంశాలున్నా సరిగ్గా పనిచేసే రూపం 1960 ప్రాంతం వరకూ అచ్చులో రాలేదు. సరే, అప్పటితో అయిపోయిందా అంటే, లేదు. 1986లో జాన్ బెంట్లీ తన 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' పుస్తకంలో ఈ పద్ధతిని రాసి, అది సరైనదేనని నిరూపించి మరీ చూపించారు. 2006లో జాషువా బ్లాక్ అందులో ఒక తప్పు ఉందని బయటపెట్టారు. మధ్య స్థానం కనుక్కోవడానికి మొదటి సంఖ్యనూ చివరి సంఖ్యనూ కూడి రెండుతో భాగిస్తాం కదా. జాబితా మరీ పెద్దదైతే ఆ కూడిక 2,14,74,83,647 దాటిపోతుంది. జావా లాంటి భాషల్లో మామూలు పూర్ణసంఖ్యకు అదే హద్దు. అది దాటితే జవాబు ఋణ సంఖ్య అయిపోతుంది! జావాతో పాటు వచ్చే ప్రోగ్రాంలో కూడా ఇదే తప్పు ఏళ్ల తరబడి ఉండిపోయింది. దాన్ని రాసింది బ్లాకే. ఆయన బెంట్లీ దగ్గర పాఠం విన్న విద్యార్థి. పుస్తకంలో తప్పు ఎలా నడిచి వెళ్తుందో ఇంతకంటే బాగా చెప్పే కథ నాకు దొరకలేదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. డొనాల్డ్ కనూత్, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విశ్రాంత ప్రొఫెసర్. ఆయన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటం 1968లో వచ్చింది, రెండోది 1969లో, మూడోది 1973లో. ఆయన పాఠకులకు ఒక మాట ఇచ్చారు: ఏ తప్పునైనా మొదట పట్టుకున్నవాళ్లకు డబ్బిస్తాను. సాంకేతికమైన తప్పు కావచ్చు, అచ్చుతప్పు కావచ్చు, చరిత్రలో పొరపాటు కావచ్చు. మొదట్లో తప్పుకు ఒక డాలరు. చివరికి 2.56 డాలర్ల దగ్గర ఆగింది.

ఎందుకు 2.56? మనం పదుల్లో లెక్కపెడతాం, అందుకే 100 అంటే పది పదులు. కంప్యూటర్‌వాళ్లు పదహారుల్లో కూడా లెక్కపెడతారు. అక్కడ 100 అని రాస్తే పదహారు పదహార్లు, అంటే 256. కాబట్టి 256 సెంట్లు వాళ్ల లెక్కలో సరిగ్గా ఒక డాలరు. తప్పు కాకుండా మంచి సలహా ఇస్తే 32 సెంట్లు.

ఇది దానం కాదు, జోక్ కూడా కాదు. కనూత్ పేరుతో, ఆయన చేతి సంతకంతో నిజమైన చెక్కు పోస్టులో వచ్చేది. ఏ సంపుటం, ఏ పేజీ అన్నది చెక్కు మీదే రాసేవారు. 1.23 అని ఉంటే మొదటి సంపుటం 23వ పేజీ. 1990 నుంచి ఆయన ఈమెయిల్ మానేశారు, కానీ తప్పుల గురించిన ఉత్తరాలు మాత్రం చదవడం మానలేదు. 2001 నాటికే 2,000 పైగా చెక్కులు రాశానని చెప్పారు. వాటిలో బ్యాంకుకు వెళ్లినవి చాలా తక్కువ. ఎక్కువమంది ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నారు.

నా ఉద్దేశంలో ఇక్కడే ఆయన తెలివి ఉంది. "తప్పులుంటే మన్నించండి" అని ముందుమాటలో రాయడం తేలిక. అప్పుడు భారం పాఠకుడి మీద పడుతుంది. కనూత్ ఆ భారాన్ని తన మీద వేసుకున్నారు. పాఠకుడు కూడా ప్రతి పంక్తినీ అనుమానంగా, శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

తన పుస్తకాలు అందంగా అచ్చు కావాలని ఆయన టెక్ అనే ప్రోగ్రాం కూడా రాశారు. 1977లో రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, అక్షరాలు నచ్చక మొదలుపెట్టిన పని అది. దాని బహుమతి ఇంకా ధైర్యమైనది: 2.56తో మొదలై ఏటా రెట్టింపు. చదరంగం గళ్లలో గింజలు పెట్టే కథ మీరు వినే ఉంటారు, అదే లెక్క. 327.68 దగ్గర ఆపేశారు. తన తప్పులన్నీ చిట్టా రాసుకుని 1989లో ఒక వ్యాసంగా అచ్చు వేయించారు కూడా. 850 పైగా తప్పులు! అక్షరాలు గీయడానికి ఆయన చేసిన మెటాఫాంట్‌తోనే 1990ల్లో తెలుగు అక్షరాలు కూడా తయారయ్యాయి.

మన వైపు కూడా ఒక మాట. మనలో చాలామంది వాడే బ్రౌన్ తెలుగు నిఘంటువు కూడా 1903లో దిద్దిన కూర్పే. దిద్దినవాళ్లలో కందుకూరి వీరేశలింగం ఒకరు. కాకపోతే వాళ్లకు ఎవరూ తప్పుకింత అని చెక్కు ఇచ్చినట్టు లేదు.

చెక్కుల కథకు 2008లో దెబ్బ తగిలింది. వచ్చినవాళ్లు సంతోషంగా చెక్కు ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టేవారు. చెక్కు కింద బ్యాంకు ఖాతా నంబరు ఉంటుంది కదా. దొంగలకు అది చాలు. కనూత్ ఖాతాలు మూసుకోవాల్సి వచ్చింది. నలభై ఏళ్లు నడిచిన నమ్మకాన్ని అభిమానుల ఆనందమే దెబ్బతీసింది. ఆ ఏడాది అక్టోబరులో నిజమైన చెక్కులు ఆపేశారు.

బదులుగా ఒక బ్యాంకు పెట్టారు. పేరు బ్యాంక్ ఆఫ్ శాన్ సెరిఫ్. ఈ దేశం మ్యాపులో ఉండదు. 1977 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లో 'గార్డియన్' పత్రిక పాఠకులను ఆటపట్టించడానికి కల్పించిన దీవుల పేరు అది. అక్షరాల అచ్చుకు సంబంధించిన మాటలతోనే అక్కడి ఊళ్ల పేర్లు పెట్టారు. ఇప్పుడు తప్పు పట్టినవాళ్లకు ఆ లేని దేశపు బ్యాంకులో ఖాతా ఉంటుంది, పోస్టులో ఒక పత్రం వస్తుంది.

టెక్ తప్పుల చిట్టాను మాత్రం ఆయన ఇంకా తెరుస్తూనే ఉన్నారు, కాకపోతే చాలా నెమ్మదిగా. 2014లో చూశారు, 2021లో చూశారు. మళ్లీ చూసేది 2029లో.