పోలిక ప్రమాణమగునా? — స్టైనరు వైద్యపద్ధతిపై నొక విమర్శ

ఆధ్యాత్మికోద్యమములు వైద్యమున ప్రవేశించుట చరిత్రకు క్రొత్త గాదు. ఇరువదవ శతాబ్దమున ఐరోపాలో అట్లు పుట్టినది ఆంత్రపోసఫీ వైద్యము. దాని పూర్వకథలో తెలుగుగడ్డపై పుట్టిన యొక బాలుని ప్రసక్తి కలదు.

రుడాల్ఫ్ స్టైనరు (1861–1925) 1902లో దివ్యజ్ఞానసమాజపు జర్మను శాఖకు ప్రధాన కార్యదర్శి యయ్యెను. 1911లో అనీబిసెంటు ప్రభృతులు, మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని రానున్న జగద్గురువునకు వాహకునిగా నెంచి, ఆయన నాయకత్వమున నొక సంఘమును స్థాపించిరి. ఈ యెన్నికకు మూలము లెడ్‌బీటరు దివ్యదృష్టి. స్టైనరు దీని నంగీకరింపక, 1912 చివర ఆంత్రపోసఫికల్ సమాజమును నెలకొల్పి వేరయ్యెను. ఇంతవరకు ఆయన వివేకము మెచ్చదగినదే. కాని ఆయన త్రోసిపుచ్చినది పరుల దివ్యదృష్టిని మాత్రమే. తన దివ్యదృష్టిని ప్రమాణముగనే నిలుపుకొనెను.

1920లో డోర్నాకున ఆయన వైద్యుల కుపన్యాసము లిచ్చెను. మరుసటి యేట డాక్టరు ఈటా వెగ్మను ఆర్లెస్‌హైమున చికిత్సాలయమును తెరచెను. వీరి మతమున మానవుడు భౌతికదేహము, ఈథరుదేహము, ఆస్ట్రలుదేహము, అహంతత్త్వము అను నాలుగింటి కూడిక. వీని సామరస్యము చెడుటయే రోగము.

ఈ పద్ధతిలో మిక్కిలి ప్రసిద్ధమైన మందు మిసిల్టో. ఇది మన మామిడికొమ్మలపై కనబడు బదనిక వంటి మొక్క. బదనిక నేల నాశ్రయింపక పరవృక్షముపై బ్రతుకును. కంతియు దేహనియమమును మీరి దేహముపైననే పెరుగును. కావున బదనిక పుట్టకురుపునకు మందని స్టైనరు వాదము. వెగ్మను 1917 నుండియే దీనిని వాడెను. ఇందు పోలిక కలదు, హేతువు లేదు. వ్యాప్తి నిశ్చయింపబడని యనుమానము నిలువదని మన తార్కికు లేనాడో చెప్పియుండిరి.

బదనికలోని లెక్టినులు ప్రయోగశాలలో కణములను చంపుట నిజమే. కాని గాజుపాత్రలో చంపునది రోగిని బ్రతికించునా యను ప్రశ్నకు రోగులపై పరీక్షయే సమాధానము. 2008లో కాక్రేను సమీక్ష 21 పరీక్షలను పరిశీలించి, ఆయువు పెరుగునను వాదమునకు ఆధారము బలహీనమని తేల్చినది. రొమ్ముకాన్సరు రోగులకు కీమోథెరపీ వేళ కొంత ఉపశమనము కలుగవచ్చుననియు, అదియు మరల పరీక్షింపదగినదనియు చెప్పినది.

అయినను ఈ వైద్యము నిలిచినది. 1976 నాటి జర్మను ఔషధశాసనము దీనికి ప్రత్యేకస్థానమిచ్చి, ఈ మందుల విచారణను ఆ మార్గమునందలి నిపుణుల సంఘమునకే యప్పగించెను. వాదియే న్యాయాధిపతి యైనచో తీర్పు ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

ఈ వైద్యులు రోగితో ఓపికగా మాటలాడుదురు, అంగమర్దనముతో సేదదీర్తురు. ఈ యాదరణ శస్త్రచికిత్సకు తోడైనచో మేలే. దానికి మారుగా నిలిచినచో కంతి వేచియుండదు.

కృష్ణమూర్తి 1929లో తన పేర వెలసిన సంఘమును తానే రద్దుచేసెను. దివ్యదృష్టి తనకు గట్టిన పీఠమును ఆయన విడిచెను. అదే దృష్టి కల్పించిన మందు మాత్రము నేటికిని రోగుల నరములలోనికి కాకున్నను చర్మము క్రిందికి సూదిద్వారా చేరుచునే యున్నది.