పరిష్కారం, పునర్విచారం: మదనపల్లె గీతప్రతి నుంచి నేటి వ్యాఖ్యాసాధనం వరకు

తెలుగులో 'పరిష్కరించు' అనే క్రియకు రెండు అర్థాలు ప్రసిద్ధాలు. సమస్యను తీర్చడం ఒకటి, గ్రంథపాఠాన్ని శుద్ధి చేయడం రెండవది. ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయం చేసిన పండితుణ్ణి పరిష్కర్త అంటాం. నేడు పత్రరచనకు ఉపయోగించే సాఫ్ట్‌వేర్లలో పాఠం పక్కన వ్యాఖ్య రాయడానికి, చర్చ ముగిశాక దానిని పరిష్కృతంగా గుర్తించడానికి, అవసరమైతే తిరిగి తెరవడానికి వీలుంది. పై రెండర్థాలూ ఈ సాధనంలో ఒకచోట కలుస్తాయి. నిర్ణయాన్ని మాత్రమే మిగిల్చే పరిష్కరణకూ, నిర్ణయంతోపాటు చర్చనూ నిలిపే పరిష్కరణకూ గల భేదాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ భేదం మన సంప్రదాయానికి కొత్త కాదు. శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షాన్ని ఖండించిన తరువాత కూడా తొలగించరు. సిద్ధాంతం పక్కనే అదీ నిలుస్తుంది. వ్యాఖ్యాతల శంకాసమాధానాల పద్ధతీ ఇదే. ముద్రణయుగంలో సి.పి. బ్రౌన్ కృషి మరో ఉదాహరణ. మదనపల్లె కడప జిల్లాలో భాగంగా ఉన్న కాలంలో, ఆ జిల్లాతో గాఢమైన అనుబంధం గల బ్రౌన్ పండితుల సాయంతో అనేక ప్రతులను పోల్చి చూశాడు. 1829లో 693 వేమన పద్యాలను ప్రకటించి, 1839లో ఆ సంఖ్యను 1164కు పెంచాడు. తాను ముగించిన పరిష్కరణను పదేళ్ల తరువాత తానే తిరిగి తెరిచాడన్నమాట. సేకరించిన ప్రతులు పారవేయక దాచినందువల్లనే తరువాతివారికీ ఆ అవకాశం మిగిలింది.

మదనపల్లెకు సంబంధించిన మరో పాఠం ఇంకా ప్రసిద్ధం. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి ఆలపించిన 'జనగణమన'ను రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు ఆంగ్లంలోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆతిథ్యంలో, మార్గరెట్ కజిన్స్ స్వరలేఖన సహకారంతో ఆ పని సాగింది. 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అనే ఆ ప్రతిపై 1919 ఫిబ్రవరి 28 తేదీ ఉంది. శుద్ధప్రతి స్వభావమేమంటే, అది తుది మాటను చూపుతుంది. ఆ మాట వెనుక జరిగిన తర్జనభర్జనను చూపదు.

అయితే పాఠంపై ప్రశ్నలు శుద్ధప్రతితో ఆగలేదు. గీతం ఐదవ జార్జిని కీర్తిస్తున్నదన్న వాదానికి ఠాగూర్ 1937లో ఒక లేఖ ద్వారా సమాధానం చెప్పారు. ఆ వాదం తరువాత కూడా పలుమార్లు తలెత్తింది. 1950 జనవరి 24న రాజ్యాంగసభలో రాజేంద్రప్రసాద్ ఈ గీతాన్ని జాతీయగీతంగా ప్రకటిస్తూ, సందర్భాన్నిబట్టి ప్రభుత్వం పదాలలో మార్పులను అనుమతించవచ్చునని కూడా చేర్చారు. ఆ నిర్ణయంలోనే పునర్విచారానికి తలుపు ఉంది. మదనపల్లె ఆంగ్లపాఠంలోనూ కనిపించే 'సింధ్' పదాన్ని గీతం నుంచి తొలగించాలన్న అభ్యర్థన సుప్రీంకోర్టుకు చేరగా, 2005లో న్యాయస్థానం దానిని తోసిపుచ్చింది. ప్రశ్న మళ్లీ తెరుచుకుంది, మళ్లీ ముగిసింది, పాఠం మారలేదు. కానీ మారకపోవడానికి కారణం ఇప్పుడు తీర్పు రూపంలో నమోదై ఉంది.

సాఫ్ట్‌వేర్లు ఈ క్రమాన్నే పత్రం అంచుకు తెచ్చాయి. గూగుల్ డాక్స్ 2011లో వ్యాఖ్యలను చర్చలుగా మార్చి, ముగిసినవాటిని పరిష్కృతంగా గుర్తించే వీలు కల్పించింది. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2013లో, లిబ్రే ఆఫీస్ 6.4లో (2020) అటువంటి సౌకర్యం వచ్చింది. ఇక్కడ తొలగింపు వేరు, పరిష్కారం వేరు. తొలగించిన వ్యాఖ్య పోతుంది. గూగుల్ డాక్స్‌లో పరిష్కరించిన వ్యాఖ్య అంచు నుంచి తప్పుకొని వ్యాఖ్యల చరిత్రలో ఉంటుంది. తెరిస్తే పాత సంభాషణతో సహా యథాస్థానానికి వస్తుంది. అయితే ఈ రక్షణ ఆ పత్రానికే పరిమితం. పాఠాన్ని మాత్రమే వేరే పత్రంలోకి ఎక్కించినా, అచ్చుకు పంపినా చర్చ వెనుకబడిపోతుంది. అప్పుడు మిగిలేది మళ్లీ శుద్ధప్రతే.

తెలుగు పరిశోధనకు ఈ విషయం సాంకేతిక సౌలభ్యం మాత్రమే కాదు. పుంగనూరు, కుప్పం ప్రాంతాల తెలుగుకు కన్నడ, తమిళాలతో సాంగత్యం గాఢం. ఆ ప్రాంతపు ప్రతిలోని దేశ్యపదాన్ని దూరప్రాంత పరిష్కర్త లేఖకదోషంగా భావించి సవరించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సందేహమూ సవరణకు కారణమూ నిలిచి ఉంటే, ఆ పదం తెలిసినవారు ఎప్పుడైనా ప్రశ్నను తిరిగి తెరవగలరు. నిలవకపోతే పదంతోపాటు, అది ఒకప్పుడు అక్కడ ఉండేదన్న సాక్ష్యమూ నశిస్తుంది. కుప్పంలో 1997లో ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనానికి ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు పరిష్కృత గ్రంథంతోపాటు దాని వ్యాఖ్యాచరిత్రనూ భద్రపరచడం అందువల్ల అవసరం. పాఠాన్ని నిర్ణయించడం పరిష్కర్త అధికారం; ఆ నిర్ణయాన్ని మరొకరు ప్రశ్నించగల ఆధారాన్ని మిగల్చడం ఆయన బాధ్యత.