మూత లేని గాలి

భూమి బల్లపరుపుగా ఉందనేవారు ఈ రోజుల్లో తరచుగా వేసే ప్రశ్న గాలి గురించినది. పీడనంతో ఉన్న వాయువు నిలవాలంటే పాత్ర కావాలి, పక్కనే శూన్యం ఉంటే అటు పారిపోతుంది, కనుక నెత్తిన గుమ్మటంలాంటి కప్పు ఉండి తీరాలన్నది వారి వాదం. గ్యాసు సిలిండరు విషయంలో ఈ మాట నిజమే. కానీ సిలిండరులో అడుగునా పైనా పీడనం దాదాపు ఒకటే. వాతావరణం సంగతి అలా కాదని 1648లోనే తేలింది.

అంతకు నాలుగైదేళ్ల ముందు ఇటలీలో టొరిచెల్లి గాజు గొట్టం నిండా పాదరసం పోసి, తలకిందులుగా పాదరసపు తొట్టెలో నిలబెట్టాడు. పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున ఆగింది. దాన్ని అక్కడ నిలిపింది బయటి గాలి బరువేనని ఆయన అన్నాడు. ప్రకృతికి శూన్యం గిట్టదనే పాత పండితులు ఒప్పుకోలేదు. ఫ్రాన్సులో పాస్కల్ దీనికి మంచి పరీక్ష ఆలోచించాడు: కారణం గాలి బరువైతే కొండెక్కేకొద్దీ పాదరసం దిగాలి. శూన్యమంటే గిట్టకపోవడమే కారణమైతే, ఆ అయిష్టం కొండ కింద ఎక్కువగా, కొండ మీద తక్కువగా ఎందుకుంటుంది?

పాస్కల్ బావ పెరియే క్లెర్మోఁలో ఉండేవాడు. ఊరికి దగ్గర్లోనే 1,465 మీటర్ల ప్వీ ద దోమ్ కొండ ఉంది. 1648 సెప్టెంబరు 19న ఆయన ఒక మఠం తోటలో రెండు గొట్టాలు నిలిపి, రెండింటా పాదరసం ఒకే ఎత్తున ఉందని చూపించాడు. ఒకదాన్ని రోజంతా కనిపెట్టి ఉండమని ఒక సన్యాసికి అప్పగించి, రెండోదాన్ని ఊరి పెద్దలు కొందరితో కలిసి కొండ మీదికి తీసుకెళ్లాడు. అక్కడ పాదరసం ఎనిమిది సెంటీమీటర్లకు పైగా దిగింది. గుడి లోపల, ఆరుబయట, గాలి వీచేచోట, పొగమంచులో, ఇలా ఐదుసార్లు కొలిచినా లెక్క మారలేదు. దిగి వచ్చి అడిగితే, కింది గొట్టంలో పొద్దుటి నుంచి చలనమే లేదని సన్యాసి చెప్పాడు. అసలు ప్రయోగం విలువంతా ఆ సన్యాసి కాపలాలోనే ఉంది.

1660లో బాయిల్ గాలిని ఉన్ని కుప్పతో పోల్చాడు. పైదాని బరువుకు అడుగు పొర నలిగి దట్టమవుతుంది, పైకి పోయేకొద్దీ వదులవుతుంది. ఏ ఎత్తునైనా పైనున్న గాలి బరువును కింది గాలి పీడనం మోస్తుంది కాబట్టి మూత అవసరం రాదు. సుమారు 5.5 కిలోమీటర్ల ఎత్తులో పీడనం సగమవుతుంది, 30 కిలోమీటర్ల దగ్గర నూరోవంతు మిగులుతుంది. ఇక్కడితో గాలి అయిపోయింది, ఇక శూన్యం అని గీత గీయగల చోటు ఎక్కడా లేదు.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో భూమి బల్లపరుపన్న వాదానికి ఊపిరి పోసిన శామ్యూల్ రోబోథమ్ బెడ్‌ఫర్డ్ కాలువ నీటి మీద చూపు ఎంత దూరం ఆనుతుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడ్డాడు. నీటిని ఆనుకున్న గాలి కాంతిని వంచుతుంది. అందుకే 1870లో ఆ కాలువ మీదే నీటి వంపు చూపిస్తానని 500 పౌన్ల పందెం కాసిన ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ చూపును నీటికి 13 అడుగుల పైకి లేపాడు. పందెం ఓడిన బల్లపరుపువాది హాంప్డెన్ మాత్రం ఒప్పుకోక, ఏళ్ల తరబడి వాలెస్‌ను తిడుతూ జైలు పాలయ్యాడు.

దిగంతం ఎప్పుడూ కంటికి ఎదురుగానే ఉంటుందన్న బెలూను ప్రయాణికుల మాటలను కూడా ఆ వర్గం సాక్ష్యంగా తెచ్చేది. అదే బెలూన్లలో గాలి పీడనం కొలిచే భారమితులు కూడా ఉండేవి. 1862 సెప్టెంబరు 5న వాతావరణ శాస్త్రవేత్త గ్లెయిషర్ సుమారు 8,800 మీటర్ల ఎత్తున, పాదరసం 25 సెంటీమీటర్ల దగ్గరికి పడినప్పుడు స్పృహ తప్పాడు. తోటివాడు కాక్స్‌వెల్ చేతులు పనిచేయక, కవాటం తాడును పళ్లతో లాగి బెలూనును దించాడు. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కేంద్రం నుంచి 1969 మొదలు ఎగిరే పరిశోధక బెలూన్లను నేల మీద కొద్దిగానే నింపుతారు. బయటి పీడనం తగ్గేకొద్దీ అవే ఉబ్బుతాయి.

మూత లేకుంటే గాలి కారిపోదా అంటే, కొంత కారుతూనే ఉంది. భూమి పట్టు తప్పించుకోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. మామూలు వేడిలో నైట్రోజన్ అణువు సగటు వేగం అర కిలోమీటరే. తేలికైన హైడ్రోజన్ మాత్రం వాతావరణపు పై అంచు నుంచి సెకనుకు సుమారు మూడు కిలోల చొప్పున అంతరిక్షంలోకి పోతోంది.