పదకొండింటి ఏడుపు

రాత్రి పదకొండు దాటింది. రాజమండ్రిలో మీ పుట్టింటి ముందుగదిలో గోడ దగ్గర్నుంచి గోడ దాకా నడుస్తున్నావు. ఆరు వారాల కొడుకు నీ ఎడమ భుజం మీద. మొహం కందగడ్డ అయిపోయింది. పిడికిళ్ళు బిగించి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఒక కేక, ఊపిరి అందక రెండు క్షణాలు ఆగడం, మళ్ళీ అంతకన్నా పెద్ద కేక. నీ చెవిలో మొదలైన ఆ కేక దవడల్లోకి దిగుతోంది.

దీపాలు పెట్టే వేళకి మొదలైంది. నిన్నా ఇదే వేళ, మొన్నా ఇదే వేళ. పాలు ఇవ్వబోతే రెండు గుక్కలు తాగి, రొమ్ము వదిలేసి వెనక్కి విరుచుకున్నాడు. వీపు నిమిరి తేన్పు తెప్పించావు. తడిగుడ్డ మార్చావు. మీ అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసి, గుమ్మం బయట కాల్చి వచ్చింది. “చూశావా, ఘాటే రాలేదు. ఎంత దిష్టి ఉందో!” అంది. వాడు మాత్రం ఆపలేదు.

మంచం మీంచి అమ్మమ్మ అంటోంది: “పాలు చాలట్లేదేమోనే.”

ఈ ఒక్క మాటకి నీ కళ్ళు నిండుతాయి. నిండనివ్వు, కానీ నమ్మకు. వాడు రోజుకి ఆరుకి మించి గుడ్డలు తడుపుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. పాలు చాలని బిడ్డ అలా పెరగడు. టీకాలకి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు చెప్పింది గుర్తు తెచ్చుకో. ఈ ఏడుపు రెండో వారంలో మొదలై ఆరో వారం అటూ ఇటూగా శిఖరానికి చేరుతుంది, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. తల్లిపాలు తాగేవాళ్ళూ ఏడుస్తారు, డబ్బా పాలవాళ్ళూ ఏడుస్తారు. రోజుకి మూడు గంటలకి పైగా, వారంలో మూడు రోజులకి పైగా ఏడ్చే పసివాళ్ళ గురించి అమెరికాలో వెసెల్ అనే డాక్టరు 1954లోనే రాశాడు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అలాంటప్పుడు ఆ నేరం నీ మీద ఎలా వేస్తారు?

లైటు వేసి వాడి బట్టలు విప్పు. మొలతాడు బిగిసిందా? నల్లగాజులు చర్మాన్ని నొక్కుతున్నాయా? కాలివేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూడు. రాలిన నీ వెంట్రుక చుట్టుకుని వేలు వాచే ప్రమాదం ఉంది. ఏమీ లేదు. జ్వరమా? థర్మామీటరు 98.4 చూపిస్తోంది. ఈ వయసులో 100.4కి చేరినా, ఆకుపచ్చగా కక్కినా, విరేచనంలో రక్తం కనిపించినా, పాలు ముట్టకుండా వాలిపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. ఇవాళ అవేవీ లేవు.

“అల్మారాలో గ్రైప్ వాటర్ ఉంది, ఒక్క చెంచా పట్టవే. లేదా వస అరగదీసి తేనెతో నాకించు.” మళ్ళీ అమ్మమ్మే. ఆరు నెలలదాకా నీ పాలు తప్ప మరేదీ వద్దు. ఏడాది లోపు తేనె అసలే వద్దు, అది పసివాళ్ళకి ప్రాణం మీదికి తెస్తుంది. ఆవిడతో వాదం పెట్టుకోకు. “డాక్టరుగారు వద్దన్నారు అమ్మమ్మా” అంటే చాలు.

పన్నెండు. కేక, మళ్ళీ కేక. నీ వేళ్ళు వాడి చంకల కింద బిగుసుకున్నాయి. ఒక్కసారి గట్టిగా కుదిపితే ఊరుకుంటాడేమో అన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు నువ్వు వణికిపోతున్నావు. ఈ క్షణం గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడరు, మాట్లాడాలి. ఆ ఆలోచన ఎంతోమంది మంచి తల్లులకి, తండ్రులకి వస్తుంది. కుదపడం మాత్రం ఎన్నడూ కూడదు. పసివాడి తల బరువు, మెడ బలహీనం. కుదుపుకి మెదడులో రక్తం చిమ్మి ప్రాణం పోవచ్చు. విడిగా పడుకోబెడితే ఏడుస్తాడు, అంతే. ఓ పది నిమిషాల ఏడుపు వాడికి హాని చెయ్యదు.

పడుకోబెట్టు. వెల్లకిలా, దిండ్లూ దుప్పట్లూ లేని ఉయ్యాల తొట్టిలో. తలుపు దగ్గరగా వేసి పెరట్లోకి నడువు.

కుళాయి తిప్పి మొహం కడుక్కుంటున్నావు. గోడ అవతల ఏడుపు. మీ అమ్మ పరుగున వచ్చింది. “పసివాణ్ణి అలా వదిలేసి వస్తావేమే?”

“చేతులు వణుకుతున్నాయమ్మా. కాసేపు నువ్వు చూడు.”

ఆవిడ ఒక్క క్షణం నీ మొహంలోకి చూసి, మారుమాట లేకుండా లోపలికి వెళ్ళింది. ఈ మాట పది రోజుల ముందే అనాల్సింది నువ్వు కాదు, అడగకుండానే చేతులు చాచాల్సింది ఇంట్లోవాళ్ళు. బాలింత ఒళ్ళు తల్లిపాలకి కావాలి, మోతకి ఎవరి భుజమైనా పనికొస్తుంది. నీ దిగులు, వాడి ఏడుపు లేని వేళల్లో కూడా రెండు వారాలకి మించి పట్టుకునే ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలీ మానస్‌వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

నువ్వు లోపలికొచ్చేసరికి వాడు మీ నాన్న చేతుల్లో ఉన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు. ముంజేతి మీద బోర్లా వేసుకుని, రెండో చేత్తో తల ఆనించి, నడుస్తూ ఎక్కాలు చదువుతున్నాడు. పదమూడో ఎక్కం అయిపోయింది. వాడింకా ఏడుస్తూనే ఉన్నాడు.

“నువ్వెళ్ళి పడుకోవే. ఒంటిగంటన్నరకి పాలకి లేపుతాను” అంటున్నాడు పద్నాలుగో ఎక్కం అందుకుంటూ. “రేపట్నించి పదకొండింటి వంతు నాది. శనివారం అల్లుడుగారొస్తే ఆయనది.”