కిర్రు నుండి టక్కు దాకా: బండి కమాన్ల కథ

బండ్ల చరిత్ర వ్రాసినవారు వాటి వేగాన్ని గురించి వ్రాసినారు, ధరలను గురించి వ్రాసినారు. వాటి చప్పుళ్ళను పట్టించుకొన్నవారు తక్కువ. బండిని నమ్ముకొని బ్రతికినవారు మాత్రం మొదటినుండీ చెవితోనే దాని ఆరోగ్యం కనిపెడుతూ వచ్చినారు.

మన యెడ్లబండికి కమాన్లు లేవు. బండి భారమంతా నేరుగా ఇరుసు మీదనే ఉండేది. కుదుపు మనిషి నడుముకు తగిలేది. చక్రపు నాభికీ ఇరుసుకూ నడుమ కందెన ఆరిపోతే 'కిర్రు'మనేది, శీల వదులైతే 'లొటలొట'లాడేది. ఆముదంలో గడ్డిమసి కలిపి చేసిన కందెనే మందు. రోగాలు రెండే, వాటి పేర్లూ రెండే. బండి తోలే పిల్లవాడికి కూడా అవి తెలుసు.

'కమాను' పారసీక పదం. విల్లు అని అర్థం. వంచిన ఉక్కు పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన కట్టను చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ అనే ఆయన ఇటువంటి కమాన్ల బండికి 1804లో పేటెంటు పొందినాడు. గుర్రపుబండ్ల నుండి కమాను మోటారు బండ్లకు వచ్చింది. మనకు చిరపరిచితమైన అంబాసడరు కారుకు వెనుక కమాను కట్టలు, ముందు మెలిపడి తిరిగి నిలిచే ఉక్కు కడ్డీలు ఉండేవి. ఆ కారు కీళ్ళలో గ్రీజు ఎక్కించడానికి చిన్న చిన్న ముక్కులు ఉండేవి. నియమంగా గ్రీజు కొట్టించకపోతే పాత 'కిర్రు' మళ్ళీ వినబడేది. కందెన పేరు మారింది గాని పని మారలేదు.

ఇక్కడ చరిత్ర మన సీమ వైపు తిరుగుతుంది. 1990ల ఆరంభంలో అంబాసడరుకు జపాను దేశపు ఇసుజు కంపెనీ పెట్రోలు ఇంజను అమర్చినారు. 2014లో ఉత్తరపారాలో అంబాసడరు తయారీ ఆగిపోయింది. దాన్ని తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ వారి తిరువళ్ళూరు కర్మాగారంలోనే, తన సొంత కర్మాగారం సిద్ధమయ్యేదాకా, ఇసుజు తన బండ్లను కూర్పించుకొన్నది. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతాన వెలసిన శ్రీ సిటీలో ఆ సొంత కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ఏటికి 50,000 బండ్లు చేయగల శక్తితో మొదలుపెట్టినారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని ఆ మండలాలు 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో ఉన్నవి.

అక్కడ తయారయ్యే డీ-మాక్స్ వీ-క్రాస్ బండిని చూడండి. ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు, వెనుక మాత్రం అదే పాత కమాను కట్ట! బరువు మోయడంలో రెండు వందల యేండ్ల నాటి ఆ విల్లుకు ఇప్పటికీ పని ఉన్నది.

కొన్నవారు చాలామంది దాన్ని అట్లాగే ఉంచరు. ఎత్తు పెంచాలని బయటి స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, బుష్‌లు తెచ్చి బిగిస్తారు. కొంతకాలానికి చప్పుడు మొదలవుతుంది. అప్పుడు "బయటి సామాను, ఇంతే" అని ఒకరు, "అన్నీ మార్చాలి" అని ఇంకొకరు. రెండూ నిదానం లేని మాటలే. సామాను మంచిదైనా బిగింపు చెడ్డదైతే చప్పుడు తప్పదు.

సత్యవేడు దారిలో చిన్న షెడ్డు నడుపుతున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఈ పరీక్ష చేస్తుండగా చూచినాను. అంతకుముందే మరెక్కడో కొత్త షాకబ్జార్బర్లు మార్చినా ఆ బండికి 'టక్కు' పోలేదు. అతడు పానా ముట్టకుండా ముందు బండి నడిపినాడు. స్పీడు బ్రేకరును రెండు ముందు చక్రాలతో ఒకేసారి ఎక్కించినాడు: చప్పుడు లేదు. ఒక్క చక్రాన్ని గుంతలో దించినాడు: 'టక్కు'! ఇందులో తర్కం ఉన్నది. బండి ఒరగకుండా ఆపే అడ్డకడ్డీ రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఊరకే తిరుగుతుంది; ఒక్కటి లేచినప్పుడే మెలితిరుగుతుంది, దాని చివరి లింకుల మీద బలం పడుతుంది. చూస్తే లింకు వదులైపోయి ఉన్నది. షాకబ్జార్బర్లకు పెట్టిన సొమ్ము వృథా.

మన భాషలోని అనుకరణ శబ్దాలు ఇక్కడ ఎంత పనికివస్తాయో గమనించండి. 'కిర్రు', 'కీచు' అంటే రాపిడి: బుష్ ఎండినది, లేదా కమాను పట్టీల నడుమ మెత్తలు అరిగినవి. అనుమానమున్న రబ్బరు బుష్ మీద నీళ్ళు చిలికితే చప్పుడు కాసేపు ఆగితే దోషి దొరికినట్లే. రబ్బరుకు మామూలు గ్రీజు పూయరాదు, ఉబ్బి పాడవుతుంది. పాలీయురేథేన్ బుష్‌లకు సిలికాన్ గ్రీజు వాడతారు. 'టక్కు' అంటే కీలులోనో బిగింపులోనో సందు. 'దడదడ' అంటే బోల్టు వదులు. కొత్త కమాన్లు వేసినాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి యూ-బోల్టులను మళ్ళీ బిగించాలి. మలుపులో 'కటకట' అంటే, ఎత్తు పెంచినందువల్ల ముందు ఇరుసు కీళ్ళ వాలు ఎక్కువై అవి అరిగినవేమో చూడాలి.

ఇంకొక సంగతి. చాలామంది బండిని జాకీ మీద లేపి, చక్రాలు వ్రేలాడుతుండగానే రబ్బరు బుష్ బోల్టులను పూర్తిగా బిగిస్తారు. బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడుతుంది, త్వరగా చిరిగిపోతుంది. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు.

ఇదంతా చెవికి ఇంపు కోసం కాదు. బాల్ జాయింటు అరిగి విడిపోతే చక్రం పక్కకు కూలుతుంది. తడ దగ్గర జాతీయ రహదారిలో లారీల నడుమ అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. బండిని లేపి, చక్రాన్ని పైనా క్రిందా పట్టి ఊపితే బాల్ జాయింటు, బేరింగుల సందు తెలుస్తుంది. ఇరుపక్కలా పట్టి ఊపితే స్టీరింగు కడ్డీల కీలు తెలుస్తుంది. పాట పెట్టి చప్పుడును కప్పేవారు ఈ హెచ్చరికనే కప్పుతున్నారు.

యెడ్లబండి తోలినవాడు కిర్రు వినగానే బండి ఆపి కందెన వేసేవాడు. ఇప్పటి బండ్లలో కీళ్ళు మూతలలో దాగినవి. రోగాలు పెరిగినవి, వాటిని గుర్తించే మాటలు మాత్రం మనవాళ్ళ నోట తగ్గినవి. మెకానిక్ దగ్గరకు పోయి "ఏదో శబ్దం వస్తున్నది" అంటే అతడేం చేయగలడు? ఏ చప్పుడు, ఏ వేగంలో, ఏ చక్రం వైపు, ఏ పని చేయించిన తరువాత మొదలైంది అని నాలుగు ముక్కలు చెప్పగలిగితే సగం పని అయినట్లే. మీ ప్రాంతంలో బండి చప్పుళ్ళకు వేరే పేర్లుంటే తెలియజేయగలరు, దాచుకొంటాను.