చిల్లర లెక్క



‘వాని చేత చిల్లిగవ్వయైనను లేదు’ అని మన యూళ్లలో నేటికిని అందురు. గవ్వ పిల్లల యాటవస్తువు మాత్రమే కాదు. మనకు ఉత్తరముననున్న ఒరిస్సా సీమలో ఒకప్పుడది చెల్లుబడి నాణెము. 1280 గవ్వలు ఒక కాహనము. 1803లో ఆ సీమను జయించిన కుంఫిణీవారు శిస్తును వెండి రూపాయలలోనే చెల్లింపవలెనని విధించి, రూపాయికి నాలుగు కాహనములని వెల కట్టిరి. రైతు ధాన్యమును గవ్వలకు అమ్మి, ఆ గవ్వలతో రూపాయిని కొనవలసివచ్చెను. క్రమముగా బజారులో రూపాయి వెల ఆరేడు కాహనముల వరకు ఎక్కెను. శిస్తు అంకె మారకయే రైతు భారము పెరిగెను. 1817లో ఖుర్దాలో పైకా సైనికులు తిరుగబడుటకు గల కారణములలో, భూములు పోవుట, ఉప్పు ధర పెరుగుటలతోపాటు ఇదియు నొకటి.

ఇట్టి చిక్కు, వేరొక రూపమున, మన కాలమునకు సమీపముననే మన యంగళ్లకును వచ్చినది. పలాస, టెక్కలి, ఉద్దానము గ్రామములలో పెద్దలు నేర్చిన లెక్క యిది: రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి 100 నయాపైసలైనవి. అప్పుడు అణా ఆరుంబావు నయాపైసలు, కాని ఒకటిన్నరకు కొంచెము పైన. ఆ భిన్నమునకు నాణెము లేదు. కావున మార్పిడి పట్టికలో కానికి 2, అణాకు 6, పావలాకు 25 అని నిర్ణయించిరి.

ఉద్దానములో నొక చిన్న యంగడిని ఊహింపుడు. వర్తకుడు కానికొక పొట్లము చొప్పున 64 పొట్లములమ్మిన, పూర్వము సరిగా రూపాయి వచ్చెడిది. పొట్లమునకు రెండేసి నయాపైసలు పుచ్చుకొన్నచో 128 వచ్చును. అణా పొట్లములు పదునారు అమ్మిన 96 మాత్రమే వచ్చును. కొబ్బరికాయలను వందలలెక్కన అమ్మి, రూపాయలతో సరకు కొను తోట రైతునకు లాభమును లేదు, నష్టమును లేదు. నష్టపడినది ఏనాటికానాడు కాని ఉప్పు, కాని చింతపండు కొను కూలివాడే. వర్తకుడు తూకము తగ్గింపలేదు, ధర పెంచలేదు, మార్పిడియే లాభమైనది. న్యాయమెఱిగినవాడు ఆ పొట్లములో పిడికెడు సరకు హెచ్చుగా వేయవలసియుండెను.

2011 జూన్ నెలాఖరున పావలాకును చెల్లుబడి పోయినది. ఐనను, చిల్లర లేదని మిఠాయిబిళ్లను చేతిలో పెట్టునప్పుడు పాతలెక్కయే మరల నడచుచున్నది. నాణెము మారినప్పుడెల్ల, తెగని భిన్నము ఎవరి మూటలోనుండి ఎవరి గల్లాపెట్టెలోనికి పోవుచున్నదో గ్రామపెద్దలు విచారింపవలెను.