రక్తశుద్ధి యంత్రమును, రోగి నడకయు

మూత్రపిండములు పూర్తిగా చెడినవానికి ఒడలు ఉబ్బును, ఆకలి చచ్చును, రక్తమున మాలిన్యము పేరుకొనును. ఎనుబది యేండ్లకు పూర్వము అట్టివాని మంచము ప్రక్కన కూర్చుండుట తప్ప బంధువులు గాని వైద్యులు గాని చేయగలిగినది లేకుండెను.

హాలెండు దేశమున కాంపెన్ పట్టణమునందు విల్లెం కోల్ఫ్ అను యువ వైద్యుడు 1943లో ఈ స్థితిని మార్చబూనెను. జర్మనులు ఆ దేశమును ఆక్రమించియున్న కాలమది; వస్తువులు దొరకవు. మాంసపు సాసేజీలకు తొడుగుగా వాడెడు సెల్లోఫేను గొట్టమును ఒక పీపాకు చుట్టి, లవణజలపు తొట్టిలో త్రిప్పుచు, గొట్టములో పారు రక్తమును శుద్ధిచేసెను. దీనినే డయాలసిస్ అందురు. తొలి రోగులలో పెక్కుమంది మరణించిరి. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలొకతె కోలుకొనెను.

అయినను ఈ చికిత్సను చిరకాలము సాగింప వీలులేకుండెను. చేసినప్పుడెల్ల క్రొత్త రక్తనాళమును కోయవలసివచ్చెడిది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు టెఫ్లాన్ గొట్టమును రోగి ముంజేతికి అమర్చి అక్కడనే ఉంచెను. దానిని మొదట పొందిన క్లైడ్ షీల్డ్స్ అను యంత్రపు పనివాడు మరి 11 సంవత్సరములు జీవించెను. యంత్రములు కొలదియే గనుక, ఎవరికి చికిత్స చేయవలయునో నిర్ణయించుటకు ఆ నగరమున ఒక సంఘమునే ఏర్పరచిరి. ఆ పని మనలో నెవరికిని పడకుండుగాక!

ప్రాణము నిలుచుటయే అబ్బురమైన ఆ దినములలో, నిలిచిన ప్రాణము ఎట్లు గడచుచున్నదని అడిగినవారు తక్కువ. వారమునకు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు యంత్రము చెంత పడియుండుట. ఇంటికి వచ్చిన పిమ్మట నీరసము. దానికి తోడు రక్తహీనత. కోడలు చేతిలోని చెంబు లాగికొనును, కుమారుడు పొలము పోవలదనును. అంతయు ప్రేమయే. కాని కదలని కండరము కరగును. ప్రతి పనికిని పరుల మొగము చూడవలసినవానికి దిగులు పట్టును. డయాలసిస్ పొందువారిలో సుమారు అయిదుగురిలో నొకరు మనోవ్యాకులతచే క్రుంగుచున్నారు.

1980 ప్రాంతమున అమెరికాలోని సెంట్ లూయిస్ నగరపు వైద్యులు ఇట్టివారిచే మాసముల తరబడి నడకయు, సైకిలు త్రొక్కుటయు చేయించి చూచిరి. దేహబలముతో పాటు మనసు దిగులును తగ్గెను. రోగులు కొలదిమందియే గనుక లోకము వెంటనే చెవి యొగ్గలేదు. 2017లో ఇటలీ వైద్యులు దాదాపు 300 మందిని పరీక్షించిరి. ఆరు మాసములు ఇంటికడ నడచినవారు ఆరు నిమిషములలో 328 మీటర్లకు బదులు 367 మీటర్లు పోగలిగిరి. బుద్ధి చుఱుకుదనమును, నలుగురితో మెలగుటయు మెరుగయ్యెను. అయితే యంత్రముపై నుండగనే సైకిలు త్రొక్కించిన ఆంగ్లదేశపు పరీక్ష, 2021లో వెలువడినది, జీవితసౌఖ్యమున చెప్పదగిన భేదము చూపలేదు. మంచముపై కాళ్లాడించుట వేరు, వీధిలోనికి పోయి నలుగురిని పలుకరించుట వేరని నా తలంపు.

శ్రోతలారా, శ్రీకాకుళపు ఉద్దానములో ఈ వ్యాధి ఎన్ని యిండ్లలో చొచ్చినదో మీరెఱుగుదురు. దాని కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఇటలీవారు విధించిన నడక పెద్దది కాదు: యంత్రము లేని దినమున పది నిమిషములు, మరల నింకొక పది నిమిషములు, అదియు రోగి శక్తికి తగిన అడుగులతో. వైద్యుని అనుమతి ముందుగా గైకొనవలెను. ఎదలో నొప్పి గాని, ఊపిరి ఆడకుండుట గాని, తల తిరుగుట గాని కలిగినచో వెంటనే ఆగవలెను.